బుగ్గన లవంగం

నారాయణగూడలో పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఆయన నా దవడ పంటి మీద లవంగ నూనె అద్దిన దూది పెట్టి, "కాసేపు నోరు కదపకండి" అన్నారు. అని ఊరుకున్నారా? నేనిక మాట్లాడలేనని ఖాయం చేసుకుని, వాళ్ళ అపార్ట్‌మెంటులో పార్కింగ్ గొడవ అందుకున్నారు. సెక్రటరీ ఎంత దుర్మార్గుడో, తన కారు ఎవరి జాగాలో పెడతాడో, ఈయన స్కూటరుకి గీత ఎలా పడిందో. అంతా విన్నాను. వినక ఏం చేస్తాను? ఇంతలో ఆ లవంగం ఘాటు ముక్కుకెక్కి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టరు గారు కంగారుపడి "నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగారు. కాదని చెయ్యి ఊపాను. మా పై ఇంటి సారు గుర్తొచ్చారని నోట్లో దూదితో ఎలా చెప్పను?

మాది చిక్కడపల్లిలో సందులోపల సందు. పాత అపార్ట్‌మెంటు, లిఫ్టు ఉన్నా లేనట్టే. మేము రెండో అంతస్తు, సారు వాళ్ళు మూడో అంతస్తు. తలుపు పక్కన పలక మీద ఆయనకో పేరుండేది కానీ ఆ పేరుతో పిలిచినవాళ్ళెవరూ లేరు. అందరికీ ఆయన సారే. అశోక్ నగర్‌లో గవర్నమెంటు పరీక్షలకి కోచింగ్ ఇచ్చే చోట పాఠాలు చెప్పీ చెప్పీ జుట్టు నెరిసిపోయింది. మానేశాక కూడా సాయంత్రమయ్యేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని అక్కడి టీ బండి దగ్గరికి నడిచి వెళ్ళేవారు. ఆయన కనబడగానే పిల్లలు టీ గ్లాసులతో చుట్టూ మూగేవారు.

క్లాసులో మొదటిరోజు ఆయన చెప్పే మాట ఒకటే. "ప్రశ్న మొత్తం చదువుకుంట కూసున్నోడు ఇంటికే పోతడు. సగం చదివేసరికి జవాబు తట్టాలె." ఆ మాట పట్టుకుని ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. అదంతా బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, సారు ఆ విద్యని క్లాసులో వదిలిపెట్టి రాకుండా ఇంటికి కూడా తెచ్చుకున్నారు. ఎవరు నోరు తెరిచినా ఆయనకది ప్రశ్నే. సగం వినేసరికి కుడి అరచెయ్యి ఎత్తేవారు, చౌరస్తాలో బండ్లు ఆపే పోలీసులా. "సమజైంది, సమజైంది" అనేవారు. అంటే మనం ఇక చెప్పక్కర్లేదని. ఆ తర్వాత ఆయనిచ్చే జవాబు నిజంగా బాగుండేది. మనం అడిగినదానికి కాదు, అంతే తేడా.

మేము ఆ ఇంట్లోకి వచ్చిన కొత్తలో ఒకరోజు పొద్దున్నే వాళ్ళింటి తలుపు తట్టాను. సారు తలుపు తీశారు.

"నమస్కారమండీ. కింద కొత్తగా వచ్చాం. మా బాల్కనీలో..."

చెయ్యి లేచింది. "సమజైంది బిడ్డా. నీళ్ళు కారుతున్నయ్. పైపు పాతది. నీ ముంగట నాలుగు దారులున్నయ్." వేళ్ళు మడుస్తూ ఏ, బీ, సీ, డీ అని నాలుగు దారులూ చెప్పారు. ప్లంబరు ఎక్కడ దొరుకుతాడో, దోమలగూడ ప్లంబరుకీ రాంనగర్ ప్లంబరుకీ పనితనంలో తేడా ఏమిటో, అసలు ఈ బిల్డింగు కట్టినప్పుడు ఏ పైపు వేయాల్సింది ఏ పైపు వేశారో. నేను నిలబడి విన్నాను. ఇంతసేపూ నా చేతిలో మా బాల్కనీలో పడ్డ ఆయన లుంగీ ఉంది. నీలం గళ్ళది. ఆయన దాన్ని చూస్తూనే మాట్లాడారు. చివరికి లోపలినుంచి ఆవిడ వచ్చి, నా చేతిలోంచి లుంగీ తీసుకుని, "మీ లుంగీ ఇయ్యనీకి వచ్చింది పాపం, లోపలికి రానియ్యరాదు?" అంది. సారు ఏమాత్రం తడబడలేదు. "అయితే డీ, పైవేవీ కావు" అన్నారు.

ఆవిడే అక్క. ఆంటీ అంటే ఊరుకునేది కాదు. "ఆంటీ అంటే ముసల్దాన్నయినట్టు కొడతది చెల్లే, అక్కా అను" అని మొదటిరోజే తేల్చేసింది. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. మాట మొదలుపెట్టి సగంలో ఆపేయడం ఆమెకి అలవాటు. అది ఆమె తత్వమని చాలాకాలం అనుకున్నాను. కాదు. పై అంతస్తులో ఆమె మొదలుపెట్టిన మాటలన్నీ కింద మా వంటింట్లోకి వచ్చి పూర్తయ్యేవి.

సారుకి వినడం రాదు కానీ చెప్పడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. ముఖ్యంగా గడియారం కథ. కొత్తగా పెళ్ళయినప్పుడు వాళ్ళ నాన్న కొనిచ్చిన కీ ఇచ్చే గడియారం బస్సులో పోయిందట. "నారాయణగూడ చౌరస్తాల బస్సు ఎక్కుతున్న. ఎర్ర చొక్కావోడు ఒకడు నా మీదికి ఒరిగిండు. గప్పుడే నాకు సమజైంది బిడ్డా. కానీ బస్సు కదిలింది." మనిషి ఎప్పుడూ ఏమరుపాటుగా ఉండకూడదన్నది నీతి. బిల్డింగులో ఈ కథ విననివాళ్ళు లేరు. ఏటేటా ఆ ఎర్ర చొక్కావాడికి ఏదో ఒకటి కొత్తగా వచ్చి చేరేది. మీసం మేము వచ్చేసరికే ఉంది, తర్వాత చెంప మీద గాటు వచ్చింది. ఈమధ్య వాడి వెనకాల ఇంకొకడు కూడా తయారయ్యాడు. సారు ఈ కథ చెబుతుంటే అక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. పాపం, విని విని విసుగెత్తిందనుకునేదాన్ని.

ఒకరోజు మా వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తలెత్తకుండా అంది. "రొమ్ముల గడ్డ లెక్క తగుల్తుంది చెల్లే."

నా చేతిలో గరిట ఆగిపోయింది. "సార్‌కి చెప్పారా?"

"మొదలువెట్టిన" అంది. ఇంకో చిక్కుడుకాయ అందుకుంది.

మర్నాడు ఇద్దరం కలిసి నారాయణగూడలో డాక్టరమ్మ దగ్గర పరీక్షకి వెళ్ళాం. ఫలితం వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. ఆమె మాత్రం ఎప్పటిలాగే సారుకి టిఫిన్ పెట్టింది, బట్టలు మడతపెట్టింది, గడియారం కథ మొదలైతే వంటింట్లోకి వెళ్ళింది. భయపడాల్సిందేమీ లేదని డాక్టరమ్మ చెప్పిన రోజున, బయటికొచ్చి బండి దగ్గర చెరకు రసం తాగుతూ కొంగంతా ఒలకబోసుకుంది. ఇన్నాళ్ళూ ఎంత భయం దాచుకుందో నాకప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం గేటు దగ్గర సారు ఎదురుపడ్డారు. ఆమె ఈపాటికి చెప్పేసి ఉంటుందనుకున్నాను. "పోనీలెండి సార్, అక్క రిపోర్టు బాగానే వచ్చింది..."

చెయ్యి లేచింది. "సమజైంది. షుగర్ రిపోర్టు. నేను చెప్తనే ఉన్న, చాయ్‌ల చక్కెర..." అని, నా మొహం చూసి ఆగారు. ఎత్తిన చెయ్యి నెమ్మదిగా దిగింది. "ఏం రిపోర్టు బిడ్డా?"

ఇన్నేళ్ళలో ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. చెప్పక తప్పలేదు. నన్ను వెంటబెట్టుకుని, ఆయాసపడుతూ మూడంతస్తులూ ఎక్కారు. అక్క దేవుడి దగ్గర దీపం పెట్టి అప్పుడే ఇవతలికి వస్తోంది.

"నాకెందుకు చెప్పలే?" అన్నారు.

"చెప్పిన" అంది అక్క, అగ్గిపెట్టె గూట్లో పెడుతూ. "నాకు ఇక్కడ జర... అన్న. సమజైంది, గ్యాస్ అన్నరు. వాము నీళ్ళు తాగమన్నరు. ఇంకోనాడు, డాక్టర్ తానకి... అన్న. సమజైంది, మోకాళ్ళు అన్నరు. నాలుగు తీర్ల నూనెలు చెప్పిన్రు."

"మళ్ళొకసారి చెప్పొద్దా?"

"ఎన్నిసార్లు మొదలువెట్టాలె? మొదలువెట్టి మొదలువెట్టి యాష్టకొచ్చింది నాకు. ఇగ మొదలువెట్ట."

గొంతు పెంచలేదు, కన్నీళ్ళు పెట్టుకోలేదు. అదే చూసి నాకు భయమేసింది. సారు చెయ్యి అలవాటుగా సగం దాకా లేచి, ఏం చేయాలో తోచక తల గోక్కుంది.

అన్న మాట ప్రకారమే ఆమె మొదలుపెట్టలేదు. "అన్నమైంది", "బట్టలు తీసిన", "పాలోడొచ్చిండు." ఇంతకుమించి ఆ ఇంట్లో మాట లేదు. సారు వచ్చి మా సోఫాలో కూలబడ్డారు. "బిడ్డా, ఆమెకు నిజంగనే ఏమన్న అయ్యుంటే? నేను వాము నీళ్ళు తాగమంటుంటి గదా" అన్నారు. అంతవరకూ ఆయన మీద కోపంగానే ఉన్నాను. అప్పుడు మాత్రం జాలేసింది. ఒక ఇంట్లో ఉంటూ ఆమె కష్టం తనకి ఇక ఎప్పటికీ తెలియకుండా పోతుందేమోనని ఆయన భయం.

భయం పుడితే సారుకి తెలిసిన మందు ఒకటే, ప్రిపరేషన్. పరీక్షకి చదివినట్టే మొదలుపెట్టారు. కుర్చీ లాగి అక్క ఎదురుగా వేసుకుని, చేతులు కట్టుకుని, "ఆఁ, చెప్పు. వింటున్న" అనేవారు.

"ఏం చెప్పాలె?"

"ఏదన్న."

"కాళ్ళు తీయిన్రి, ఊడ్చాలె."

మొదటి ప్రయత్నం ఫెయిల్. రెండోదీ అంతే. అంతలో ఆయన అదృష్టం బాగుండి పన్ను నొప్పి వచ్చింది. అక్క పోపుడబ్బాలోంచి లవంగం తీసి ఇచ్చింది. "బుగ్గన పెట్టుకొని నోరు మూసుకోన్రి. నమలొద్దు, మాట్లాడొద్దు." ఆయన బుద్ధిగా పెట్టుకుని వంటింటి గడపలో కూర్చున్నారు. అక్క గోంగూర ఆకులు తుంపుతూ ఏదో గొణుక్కుంది, ఈ గోంగూర వాళ్ళ అమ్మ వండినట్టు ఎందుకు రాదో. ఎవరూ అడ్డం రాలేదు. ఇంకో మాట అంది. అప్పుడూ అడ్డం రాలేదు. కట్ట అయిపోయేసరికి వాళ్ళమ్మ, వాళ్ళమ్మ చేతి రోలు, ఆ రోలు కోసం అక్కచెల్లెళ్ళ మధ్య జరిగిన యుద్ధం, అంతా వచ్చేసింది.

సారు గబగబా కిందికొచ్చారు. బుగ్గ ఉబ్బి ఉంది, కళ్ళు మెరుస్తున్నాయి. "బిడ్డా, మీ అక్క మాట్లాడింది. మొత్తం! ఆఖరు దాంక! నాకు రోలు సంగతే తెల్వదు!"

పన్ను నొప్పి తగ్గిపోయింది, లవంగం మాత్రం మిగిలింది. సున్నపు డబ్బీలాంటి చిన్న రేకు డబ్బీ ఒకటి సంపాదించి, దాన్ని లవంగాలతో నింపి చొక్కా జేబులో వేసుకున్నారు. ఎవరైనా మాట మొదలుపెడితే, "జర ఆగు బిడ్డా" అని డబ్బీ తీసి, ఒక లవంగం బుగ్గన పెట్టుకుని, మూత బిగించి జేబులో వేసుకుని, అప్పుడు "ఇగ చెప్పు" అనేవారు. ఈ తతంగమంతా చూసేసరికి చెప్పేవాళ్ళు సగం సంగతి మర్చిపోయేవారు. తర్వాత ఏమైందని అడగాలంటే నోరు తెరవకుండా రెండు వేళ్ళు గాల్లో గుండ్రంగా తిప్పేవారు.

మొదట్లో ఎన్ని అవస్థలు! ఉండబట్టలేక లవంగం కొరికేసి, నాలుక మండి, పంపు దగ్గరికి పరిగెత్తేవారు. రాంనగర్ కూరగాయల మార్కెట్లో కళ్ళార్పకుండా నోరు బిగించి చూస్తూ నిలబడితే, కూరలమ్మే ఆవిడ హడలిపోయి, "అక్కా, సారుకు గాలి సోకిందా ఏంది?" అని నన్నడిగింది. పైగా అంతా విన్నాక, పరీక్ష రాసినట్టు తిరిగి అప్పజెప్పేవారు. "నువ్వు చెప్పిన దాంట్ల ముఖ్యమైనయి, ఒకటి, మీ మరిది. రెండు, ఫ్రిజ్జు." ఫుల్ మార్కులు వేసేదాకా కదిలేవారు కాదు. నేనూ వేసేదాన్ని.

అశోక్ నగర్ టీ బండి దగ్గరా ఇదే. ఏళ్ళ తరబడి హాస్టల్లో ఉండి పరీక్షలు రాస్తున్న ఒకమ్మాయి, "సార్, నేను ఈసారి..." అందట. పాత సారయితే ఈసారి తప్పకుండా వస్తుందని నాలుగు పుస్తకాలు చెప్పి పంపేవారు. డబ్బీ తీశారు. ఆ అమ్మాయి కాసేపు నేల చూపులు చూసి, చదువు ఇక చాలని, ఊరెళ్ళిపోతానని, ఆ మాట ఇంట్లో ఎవరూ చెప్పనివ్వడం లేదని ఏడ్చిందట. సారు వేళ్ళు తిప్పుతూ వింటూనే ఉన్నారట. "నేనేం సలహా ఇయ్యలే బిడ్డా. అయినా థాంక్స్ చెప్పి పోయింది. గిదేందో నాకు సమజ్ కాలే" అన్నారు నాతో. సమజ్ కాలేదని ఆయన నోట వినడం నాకదే మొదటిసారి.

అక్క మాత్రం వరదలా అందుకుంది. "వినుడు షురూ చేసినంక అన్నీ ఫిర్యాదులే బిడ్డా" అని వాపోయేవారు సారు. ఆదివారం ఆదివారం ప్రేమగా తెచ్చే మిర్చిబజ్జీ ఆమెకి మొదటినుంచీ సయించదట. వాళ్ళింట్లో సోఫా రంగు చూస్తే ఒళ్ళు మంటట. ఆయన చెబుతుంటే వెనక అక్క నవ్వు ఆపుకుంటూ, "ఇంతసేపు వింటుంటే నాకే పరేషాన్ అయితుంది చెల్లే, చెప్పనీకి ఏం మిగుల్తదో" అనేది. సాయంత్రాలు మెట్ల మీద నుంచి ఆమె ఒక్క గొంతే వినబడేది. ఆ గొంతు వింటూ నేను పప్పు తాలింపు వేసుకునేదాన్ని. హాయిగా ఉండేది.

అట్టే రోజులు సాగలేదు. చలికాలంలో సారుకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రిలో మొహానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. చూడ్డానికి సాయంత్రం కాసేపే లోపలికి రానిచ్చేవారు. నేనూ అక్కతో వెళ్ళాను.

"ఇప్పుడు లవంగం అక్కర్లేదు మీకు" అంది అక్క, దుప్పటి సర్దుతూ. ఆయన కళ్ళు నవ్వాయి. ఆమె మంచం పక్కన ఒంగి, కాసేపు ఊరికే ఆయన మణికట్టు నిమిరింది. తర్వాత అంది. "మీ గడియారం ఉన్నది గదా. దాన్ని ఎర్ర చొక్కావోడు కొట్టెయ్యలే."

సారు కళ్ళు పెద్దవయ్యాయి. అప్పుడే నర్సు వచ్చి, టైమైపోయింది, బయటికి రండమ్మా అంది. సారు సూది గుచ్చిన చెయ్యి కష్టంగా ఎత్తి, రెండు వేళ్ళు గాల్లో తిప్పారు.

"రేపొచ్చి చెప్త. యాడికి పోతది?" అంది అక్క.

తెల్లారేసరికి సారు పోయారు.

కర్మలన్నీ అయి చుట్టాలు వెళ్ళిపోయాక ఒక మధ్యాహ్నం కూర తీసుకుని పైకి వెళ్ళాను. అక్క ఆ ఒళ్ళుమంట సోఫాలోనే కూర్చుని ఉంది. పక్కన రేకు డబ్బీ.

"సగం విని పోయిండు చెల్లే" అంది. "మిగతా సగం ఆయనే నింపుకొని ఉంటడు. తప్పే నింపుకొని ఉంటడు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఆమె ఏడ్చేసింది. నేనూ ఆపుకోలేకపోయాను. కళ్ళు తుడుచుకుని, "అసలేమైందక్కా ఆ..." అనేలోపే డబ్బీ నా వైపు జరిపింది. ఒక లవంగం తీసి బుగ్గన పెట్టుకున్నాను.

ఆమె లేచి, బీరువాలో పట్టుచీరల అడుగునుంచి చేతిరుమాలు మూట తెచ్చి విప్పింది. పాత కీ ఇచ్చే గడియారం. పట్టీ ఎండి పగిలిపోయింది.

"ఆనాడు పొద్దుగాల స్నానంజేసి గూట్ల మరిచిపోయిండు. నేను చేతుల పట్టుకొని వాకిట్లకు ఉరికిన. ఏమండీ, మీ... అన్న. వెనక్కి సుత చూడలే. సమజైంది, టిఫిన్ డబ్బా పెట్టుకున్న అనుకుంట పోయిండు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఎర్ర చొక్కావోడు తయారైండు. కండక్టర్ తోని కొట్లాడి వచ్చిండట, గల్లీల అందరికి చెప్పిండు. కొత్త పిల్లను నేను. అందరి ముంగట గిది తీసి చూపిస్తే ఆయన మొఖం ఏం గావాలె? రేపు చెప్దామనుకున్న. రేపటికి వానికి మీసం సుత వచ్చింది. ఇగ యాడ చెప్త?"

గడియారాన్ని కొంగుతో తుడిచి చెవి దగ్గర పెట్టుకుంది. ఆగిపోయిన గడియారమని ఆమెకీ తెలుసు.

"గిది చూపిస్తే ఏమంటుండెనో..."

నాకు తెలుసు. సమజైంది, నాకు మొదటిసంది అనుమానమే, అనేవారు. నా నాలుక చివరిదాకా వచ్చింది. బుగ్గన లవంగం ఉంది కాబట్టి ఊరుకుని, రెండు వేళ్ళు గాల్లో తిప్పాను.

"పాతాయన అయితే ఏమంటడో నేనే చెప్తుంటి" అంది అక్క. "ఈ వినేటాయన ఏమంటుండెనో నాకు తెల్వదు చెల్లే. ఆయన నాకు కొత్త. ఇప్పుడిప్పుడే జర ఎరుకైతుండె."